రామసుబ్బమ్మ ముక్కు

మా వీధిలో రామసుబ్బమ్మ మాట నమ్మని మనిషి లేదు. రామసుబ్బమ్మ నమ్మిన మనిషీ లేదు. పాలు పోసే ఆమె ఎదుటే చెంబులో వేలు ముంచి, గోటి మీద చుక్క నిలుస్తుందా జారుతుందా అని చూస్తుంది. కొట్లో కందిపప్పు కొంటే గుప్పెడు తీసి వాసన చూస్తుంది. గుడిలో తీర్థం పోసినా ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాకే నోటికి పోతుంది. పూజారి ఒకసారి నొచ్చుకుంటే, "దేవుని మీద అనుమానం కాదు సామీ, నీ చెంబు మీద" అన్నది.

నేను ఎదురింట్లో ఉంటాను. చిన్నక్క అంటారు. బట్టలు కుడతాను. వెలుతురు కోసం మిషను కిటికీ పక్కన వేసుకున్నాను కాబట్టి వాళ్ల వాకిలీ, వాకిలి పక్కనున్న రేకుల షెడ్డూ రోజంతా కనపడుతూనే ఉంటాయి. నేను తొంగి చూసే రకం కాదు. అలాగని కనపడుతుంటే కళ్లు మూసుకునే రకమూ కాదు.

ఆమె ఊరికే అట్లా తయారు కాలేదు. ఆమె మొగుడు నెమ్మదస్తుడు, ఎవరేం చెప్పినా తలూపే మనిషి. కొట్టువాడు మంచి విత్తనం అంటే మంచిదే అనుకుని శెనక్కాయ విత్తాడు. చేను మొలవలేదు. కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని పొలమంతా తిరిగిన ఒకాయన ఇక్కడే గంగ ఉందంటే అక్కడే బోరు వేయించాడు. తెల్లటి దుమ్ము లేచింది. ఇంకొకాయన ఇంకోచోట చూపిస్తే అక్కడా దుమ్మే. "నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనాయంట" అని ఆమె మాటకు ముందొకసారి, మాటకు వెనకొకసారి అనేది. ఆయన పోయాక కొడుకు ప్రతాప్‌ను కూలికి పోయి పెంచింది. నమ్మకం మనలాంటి వాళ్లకు దక్కే సరుకు కాదని తేల్చుకుంది. ముక్కు మీద కోపం, ముక్కులో పొడి, రెండూ అప్పటి నుంచే. ముక్కుపొడి డబ్బీ ఎప్పుడూ రొండిలోనే ఉండేది.

ప్రతాప్ ఇప్పుడు టమోటా లారీ నడుపుతాడు. ఇంట్లో ఉండేదానికంటే మద్రాసు దారిలో ఉండేదే ఎక్కువ. కోడలు హేమది మడకశిర దగ్గరి ఊరు. పుట్టింట్లో పట్టుపురుగుల మధ్యనే పెరిగింది. ఇక్కడికి వచ్చాక, చివరిసారి వేసిన బోరులో పడిన కాసిని నీళ్ల కింద మల్బరీ నాటించి, వాకిలి పక్కన షెడ్డు వేయించింది. లోపలంతా పురుగుల అరలే. తలుపు లోపలికి తెరుచుకునే చోటు లేక, బయటికి తెరుచుకునేలా రేకు తలుపు బిగించారు.

పట్టుపురుగుకు పొగాకు విషం. పొడి ముట్టిన చేత్తో ఆకు ముట్టుకుంటే చాలు, ఆ ఆకు తిన్న పురుగు తల ఎగరేసి, పచ్చరసం కక్కి చచ్చిపోతుంది. అందుకే హేమ మొదటి రోజే చెప్పేసింది: "అత్తా, నువ్వు మాత్రం షెడ్డులోకి రావద్దు. ఆ పొడి మానుకుంటే రా."

అంతే. ఇంటికి పెద్ద, తన స్థలంలో లేచిన షెడ్డు, తనకే గడప దాటే భాగ్యం లేదు. అత్త లేని కోడలుత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు అన్నారు పెద్దలు. వీళ్లిద్దరికీ మధ్య అదనంగా ఒక రేకు తలుపు కూడా వచ్చి పడింది. ఒకే ఇంట్లో ఉంటూ "అన్నం పెట్టినా", "తిన్నా" తప్ప మాటలు ఉండేవి కావు.

"మంచి పనైతే తలుపేసుకొని చేస్తారా చిన్నక్కా?" అని రామసుబ్బమ్మ నా దగ్గర కూర్చుని సణిగేది. "నా పొడి ఒక సాకు. లోపల ఇంకేందో ఉండాది."

"ఏముంటుంది పెద్దమ్మా, పురుగులు తప్ప?"

"పురుగులుంటే నోరు మూసుకొని ఆకెయ్యాల. ఈయమ్మ మాట్లాడతాంటాది. ముద్దుగా, బంగారూ అంటా మాట్లాడతాంటాది. ఫోనేమో ఇంట్లో చార్జింగుకు పెట్టి పోతాది. మొగుడు మద్రాసులో ఉండె. మరి ఎవురితో?"

నేను నవ్వి ఊరుకున్నాను. కానీ ఆ సాయంత్రం నుంచి మిషను తొక్కుతూ షెడ్డు వైపు ఒకసారి ఎక్కువే చూశాను. అనుమానం గజ్జి లాంటిది, పక్కన కూర్చున్నా అంటుకుంటుంది.

ఆ రోజు మధ్యాహ్నం చీరకు ఫాల్ కుడుతున్నాను. రేకు ధడేల్‌మన్న చప్పుడు, వెంటనే "సచ్చినా!" అని కేక. పరుగెత్తాను. షెడ్డు ముందు రామసుబ్బమ్మ కూలబడి ఉంది. ముక్కు మూసుకున్న రెండు చేతుల సందుల్లోంచీ నెత్తురు కారుతోంది. తలుపు దగ్గర హేమ నిలబడి ఉంది. ఆమె చేతిలోని తట్ట బోర్లాపడి, పురుగులు తిని వదిలిన ఆకుల చెత్తంతా అత్త మీద పడింది.

"తల పైకెత్తు పెద్దమ్మా" అన్నాను నేను. మనకు తెలిసిన వైద్యం అదే కదా.

"వద్దక్కా, ముందరికి వంచాల" అన్నది హేమ. "ముక్కు కొన కాడ మెత్తగా ఉండే చోట గట్టిగా పట్టుకో అత్తా. నోటితో గాలి తీసుకో. లేకుంటే నెత్తురంతా కడుపులోకి పోతాది."

కోడలు ముందుకు వంచమన్నది కాబట్టి రామసుబ్బమ్మ తల ఇంకా వెనక్కి వాల్చింది. నెత్తురంతా గొంతులోకే దిగింది. కాసేపటికి వీధి వీధంతా చేరి చూస్తుండగా భళ్లున నెత్తురు కక్కుకుంది.

"కడుపులో తన్నింటాది" అన్నారు గుంపులోంచి ఎవరో.

రామసుబ్బమ్మ మరిది నారాయణప్ప కూడా వచ్చాడు. పంచాయితీ అంటే అన్నం మానేసి వచ్చే మనిషి. "ఏమైంది వదినా?" అన్నాడు.

"బట్టలుతికే బండ కాడ జారి పడినా" అన్నది రామసుబ్బమ్మ.

"తలుపు తగిలింది మామా" అన్నది హేమ అదే సమయానికి. "చెత్త పారేద్దామని నేనే తోసినా. ఆమె ఎనకాల ఉండేది నాకు తెలీదు."

ఒక ముక్కుకు రెండు కథలు. నారాయణప్ప ఇద్దరి వైపూ చూసి మీసం దువ్వుకున్నాడు. తలుపు తగిలిందనే మాట దెబ్బలు తిన్న ఆడవాళ్ల నోట వందసార్లు విన్నాం. పక్కన నిలబడిన మనిషి నోట వినడం అదే మొదలు. నేను మాత్రం ఉతికే బండ వైపు చూశాను. ఎండకు పెనంలా కాలుతోంది. ఆ రోజు కుళాయి వచ్చే రోజు కాదు. మా ఊళ్లో నీళ్లు రాని రోజు బట్టలెవరు ఉతుకుతారు?

మర్నాటి తెల్లవారికి రామసుబ్బమ్మ రెండు కళ్ల కిందా నేరేడుపండు రంగు దిగింది. ముక్కు ఉబ్బి ముఖమంతా పరుచుకుంది. ఇక వీధికి వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది. ఒక కంటికైతే తలుపు, రెండు కళ్లకూ అయితే పిడికిలి అని తీర్పు చెప్పేశారు. ఆకు కోయడానికి వచ్చే ఇద్దరు కూలి ఆడవాళ్లు ఆ పొద్దు రాలేదు. హేమ ఒక్కతే చీకటితోనే పోయి కోసుకొచ్చింది. కొట్లో ఏదో అడిగితే కొట్టామె వినపడనట్టు లోపలికి పోయింది.

నారాయణప్ప వాకిట్లోనే నిలబడి గట్టిగా చెప్పి పోయాడు: "సాయంత్రం పెద్దమనుషులతో వస్తా. అత్తను కొట్టిన కోడలు మా వంశంలో లేదు. ఈయమ్మను మడకశిరకు పంపించేస్తాం, షెడ్డుకు తాళం ఏస్తాం. ప్రతాప్‌కు నేను చెప్పుకుంటా."

నాకు ఒళ్లు మండింది. ఆ మల్బరీ మడి నారాయణప్ప చేనుకు ఆనుకునే ఉంటుంది. వదిన ముక్కు మీద ఆయనకు ఇంత ప్రేమ ఎన్నడూ చూడలేదు. పురుగులు చూస్తే నాలుగో జ్వరం లేచి ఉన్నాయి. అంటే కడపటిసారి చర్మం విడిచి, గూడు కట్టే ముందు రాత్రీపగలూ ఆకు మేసే కాలం. ఇప్పుడు హేమ పోతే అన్నీ ఆకలికి చస్తాయి. ఆ తర్వాత ఈ ఇంట్లో ఆమెకు మిగిలేది ఏమీ లేదు.

నేను గంజి తీసుకుని పోయేసరికి రామసుబ్బమ్మ మంచంలో నోరు తెరుచుకుని గాలి పీలుస్తోంది. "జలుబు చేసినట్లుండాది. రెండు పక్కలా పట్టేసింది" అన్నది. జలుబుకు ఆమె మందు ఒక్కటే. నేను వారించే లోపే చిటికెడు పొడి ముక్కులో దోపుకుంది. తుమ్మింది చూడండి, ఆ కేక ఊరి చివరి దాకా వినపడి ఉంటుంది. నెత్తురు మళ్లీ కారింది. దాన్ని కూడా హేమ లెక్కలోనే రాసుకున్నారు బయటివాళ్లు.

హేమ ఫోను టార్చి పట్టుకుని వచ్చింది. "అత్తా, ఒక్కసారి చూడనీ."

"నువ్వు దూరంగా ఉండు. చిన్నక్క చూస్తాది."

హేమ వెలుతురు పట్టింది, నేను చూశాను. ముక్కు నడిమి గోడకు ఇటూ అటూ ఎర్రగా, మెత్తగా ద్రాక్షపండ్ల మాదిరి ఉబ్బి ఉన్నాయి. గాలి పోయే దారే లేదు. నేను చెప్పగానే హేమ ముఖం పాలిపోయింది.

"జలుబు కాదక్కా. లోపల నెత్తురు గడ్డకట్టింది. మా తమ్మునికి కబడ్డీలో ఇట్లనే అయింది. బయట నెత్తురు నిలిచింది గదా అని ఊరికే ఉంటిమి. లోపల గోడ కుళ్లిపోయి వాని ముక్కు నడిమిట్ల కుంగిపోయింది. ఈ పొద్దే హిందూపురం పోవాల."

"చూసినావా?" అన్నది రామసుబ్బమ్మ నాతో. "నన్ను ఆస్పత్రిలో పడేసి, ఈడ తన ఇష్టమొచ్చినట్లు ఉండేదానికి."

హేమ బయటికి పోయింది. షెడ్డుకు తాళం వేసి వచ్చి, తాళంచెవి అత్త చేతిలో పెట్టింది. "నీ కాడే పెట్టుకో. నేనూ నీతోనే వస్తా. చిన్నక్క కూడా వస్తాది."

"పురుగులకు ఆకు?"

"పొద్దున ఏసినా. ఇంక మనం వచ్చినాకే."

ఆ తాళంచెవిని రామసుబ్బమ్మ కొంగున ముడేసుకుంది. ఆటోలో దారి పొడుగునా ముడి తడుముకుంటూనే ఉంది. లేపాక్షి దాటాక నా చెవిలో అడిగింది: "ఎందుకిచ్చింటాది చిన్నక్కా?" తలుపేస్తే అనుమానం, తాళమిస్తే అనుమానం. ఆ మనిషికి విసుక్కుని లాభం లేదు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ చిన్న వయసుది, కానీ మా వీధికి తక్కువ అనుమానస్తురాలు కాదు. ఎలా తగిలిందని అడిగింది. అత్త బండ అన్నది, కోడలు తలుపు అన్నది. డాక్టరమ్మ హేమను బయట కూర్చోమని తలుపు వేసింది.

"అమ్మా, ఇప్పుడు చెప్పండి. ఎవరైనా కొట్టారా? భయపడొద్దు. కొట్టి ఉంటే పోలీసులకు తెలపాల్సిన బాధ్యత నాది."

"ఎవురూ కొట్టలేదు. పడినా."

"ముందుకు పడిన మనిషి చేతులు ఊనుకుంటుంది. మీ అరచేతులకు, మోకాళ్లకు ఒక్క గీత లేదే?"

రామసుబ్బమ్మ అరచేతులు కొంగులో దాచుకుంది. బయట బల్ల మీద హేమ గోళ్లు కొరుక్కుంటూ కూర్చుని ఉందని నాకు తెలుసు. ఈమె ఒక్క మాట చెబితే ఆ పిల్ల బతుకు ఒడ్డున పడుతుంది. ఎందుకు చెప్పదు? ఆ నిమిషంలో నాకు రామసుబ్బమ్మను ఆ కుర్చీలోనే వదిలేసి వచ్చేయాలన్నంత కోపం వచ్చింది.

డాక్టరమ్మ పని మొదలుపెట్టింది. స్పృహ తప్పిందా, ముక్కులోంచి పలచగా నీళ్లలాంటిది ఏమైనా కారుతోందా అని అడిగింది. ఏమీ లేవన్నాం. ముక్కు పైన ఎముకను మెల్లగా నొక్కి చూసింది. లోపల వెలుతురు వేసి, దూది చుట్టిన పుల్లతో ఆ ఉబ్బును తాకి చూసింది.

"ఫోటో తీయరా?" అన్నది రామసుబ్బమ్మ అనుమానంగా.

"అక్కర్లేదమ్మా. ఎముక కదిలిందని చేతికే తెలుస్తోంది. దానికి తొందర లేదు, ఈ వాపు తగ్గాక పిలిచి సరిచేస్తాను. మరీ ఆలస్యం చేస్తే వంకరగానే అతుక్కుంటుంది కాబట్టి పిలిచిన రోజు తప్పకుండా రావాలి. కళ్ల కింద నలుపా? ముక్కు విరిగితే ఒక్క దెబ్బకే రెండు కళ్ల కిందికీ నెత్తురు దిగుతుంది. అది మామూలే. తొందరంతా లోపలి గడ్డతోనే. అది ఇప్పుడే తీయాలి."

"ఫోటో లేకుండా ఏం డాక్టరో" అని గొణిగింది గానీ, కదలకుండా కూర్చుంది. మత్తు సూది వేసి, చిన్న కోత పెట్టి గడ్డ తీశారు. మళ్లీ నెత్తురు చేరకుండా రెండు పక్కలా దూది కూరారు. రేపు మళ్లీ రావాలి, చీదకూడదు, ముక్కుపొడి పేరెత్తకూడదు అన్నారు. తర్వాత పిలిచిన రోజుకు పోతే ఎముకను సరిచేశారనుకోండి. ఇప్పటికీ బాగా చూస్తే కొంచెం ఎడమకు ఒరిగినట్టుంటుంది.

చేతులు కడుక్కుంటూ డాక్టరమ్మ అడిగింది: "లోపల గడ్డ ఉందని ఎవరు పట్టుకున్నారు? చాలామంది జలుబనుకుని ఊరుకుంటారు. ఇంకో రోజు గడిచి ఉంటే చీము పట్టి నడిమి గోడ పోయేది. ముక్కు కూలిపోయేది."

"మీరు బయట కూర్చోబెట్టినామె" అన్నాను నేను కాస్త గట్టిగానే.

రామసుబ్బమ్మ కొంగు ముడి మీద చెయ్యి పెట్టుకుని గోడ వైపు చూసింది. వచ్చేటప్పుడు ఆటోలో ఆమె నా చెవిలో ఏమీ చెప్పలేదు.

మేము దిగేసరికి వాకిట్లో నారాయణప్ప, ఇంకో నలుగురు పెద్దమనుషులు, వెనక వీధంతా ఉంది. వదిన ముక్కు నిండా దూది చూసి ఆయన గొంతు ఇంకా పెరిగింది.

"హేమా, నీ బట్టలు సర్దుకో. మీ నాయనకు ఫోన్ చేసినా. పొద్దున్నే వస్తాడు."

హేమ ఆయన వైపు చూడనే లేదు. అత్త ముందు చెయ్యి చాపింది. "తాళంచెవి ఇయ్యత్తా. పొద్దుననంగా తిన్నాయి అవి. ఆకలికి ఉంటాయి. ఆకేసినాక పోతా."

రామసుబ్బమ్మ ముడి విప్పింది. తాళంచెవి మాత్రం ఇవ్వలేదు. తనే షెడ్డు దగ్గరికి పోయి తాళం తీసి, తలుపు మళ్లీ దగ్గరికి వేసి, దాని ముందు నిలబడింది. "ఇట్ల రాండి అందురూ" అని కేకేసింది. ముక్కులో దూదితో ఆ గొంతు కుండలోంచి వచ్చినట్టుంది. వంగి, తలుపు అంచున సందుకు కన్ను ఆనించింది.

"నిన్న ఇట్ల పెట్టినా మొగం. అది లోపల తట్ట ఎత్తుకొని మోకాలితో తలుపు తోసింది. ఈడ నేనుండానని దానికేమన్నా కలొచ్చిందా? ఇదో నెత్తురు మరక. బండ కాడ పడింటే ఈ అంచుకు నెత్తురెట్లొచ్చె? నిన్న కుళాయి వచ్చే రోజు కాదు, ఎండిన బండ మీద ముసల్ది ఎట్ల జారిందని మీలో ఒక్కరన్నా అడిగితిరా?"

వీధంతా వంగి ఆ మరక వైపు చూసింది. నారాయణప్పే తేరుకున్నాడు. "నువ్వాడ ఏం చేస్తాంటివి వదినా?"

"దొంగచూపు చూస్తాంటి. సిగ్గుపడి అబద్ధం చెప్తి. ఏమప్పా, ఇంకేం కావాల నీకు? నా షెడ్డు, నా కోడలు, నా ముక్కు. మీరు పోయి అన్నాలు తినండి."

పెద్దమనుషులు ఒకరి ముఖం ఒకరు చూసుకుని కదిలారు. నారాయణప్ప మీసం వదిలేసి అందరికంటే ముందు నడిచాడు. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఆసుపత్రిలో ఆమె మీద వచ్చిన కోపమంతా ఎటు పోయిందో.

హేమ అప్పటికే లోపలికి పోయి ఆకు పరుస్తోంది. రామసుబ్బమ్మ వెంటనే పోలేదు. రొండిలోంచి పొడి డబ్బీ తీసి నాకిచ్చింది. "పారేయొద్దు. దాచిపెట్టు" అన్నది. కుండ దగ్గరికి పోయి సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుంది. తర్వాత రెండు చేతులూ నా ముందు పెట్టింది.

"పొడి వాసన ఉండాదేమో చూడు చిన్నక్కా. నాకిప్పుడు తెలీదు గదా."

ఊరందరి సరుకూ వాసన చూసిన మనిషి తన చేతుల వాసన నన్ను చూడమంటోంది. చూశాను. సబ్బు వాసనే అని చెప్పాను. గడప ముందున్న బ్లీచింగ్ నీళ్లలో కాళ్లు ముంచి ఆమె లోపలికి అడుగు పెట్టింది. నేను గడప దగ్గరే ఆగిపోయాను.

పోయినామె ఊరికే నిలబడిందా? లేదు. అరల వెనక చూసింది. వంగి కింద చూసింది. మూలనున్న గోనెపట్టా ఎత్తి చూసింది. పురుగులు తప్ప ఏమీ లేవు. అవి ఆకు మేస్తుంటే రేకుల మీద సన్న జల్లు పడుతున్నట్టు చప్పుడు. ఆ చప్పుడు మధ్యనే అడిగింది.

"మరి ఎవురితో మాట్లాడతాంటివి నువ్వు? బంగారూ అంటా?"

హేమ ఆకు పరుస్తున్న చెయ్యి ఆపలేదు. "వీటితోనే అత్తా. ఈ ఇంట్లో నాతో ఇంకెవురు మాట్లాడతారు?"

రామసుబ్బమ్మ చేతిలోని గోనెపట్టా వదిలేసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, చీదకూడదు కాబట్టి కొంగుతో అద్దుకుంది. తర్వాత మోపులోంచి ఒక కొమ్మ అందుకోబోయింది.

"ఆకు ముట్టుకోవద్దు" అన్నది హేమ గబుక్కున. మళ్లీ మెత్తగా అన్నది: "పొడి మానినాక కొన్నాళ్లు పోనీ. ఊరికే కూచో అత్తా. కూచొని మాట్లాడు."

రామసుబ్బమ్మ బోర్లించిన తట్ట మీద కూర్చుంది. పురుగుల వైపు చూసింది, కోడలి వైపు చూసింది. చివరికి, దూది నిండిన ముక్కుతో, కోడల్ని మొదటి మాట అడిగింది.

"మీ తమ్ముని ముక్కు బాగా కుంగిందా?"